కౌమార పాఠకుల కోసం దుఃఖాన్ని కథగా రాయడం ఎలా?

ఇంటర్ చదివే పిల్లల కోసం మరణం గురించి కథ రాసేటప్పుడు, మరణ దృశ్యంతో కాక, దినాలు ముగిసి బంధువులందరూ వెళ్ళిపోయిన మరుసటి రోజుతో ప్రారంభించడం మేలు. ఆ వయసు వారికి అసలు ఒంటరితనం అప్పుడే మొదలవుతుంది. హనుమకొండలోని ఒక ఇంటిని తీసుకుంటే, పిట్టకు పెట్టిన రోజున, అంటే చనిపోయినవారి పేరిట కాకికి అన్నం పెట్టిన రోజున, కాకి ఎంతసేపటికీ మెతుకు ముట్టలేదని, నాన్నకు తన మీద కోపం ఉందేమోనని కొడుకు లోలోపల కుమిలిపోవడం చూపించండి. బాధపడ్డాడని వేరుగా రాయనవసరం ఉండదు.

స్నేహితుడి చేత ఓదార్పు మాటలు పలికించకండి. పదిహేడేళ్ళ పిల్లవాడికి ఆ మాటలు రావు. అతడు బాటనీ రికార్డులో మిగిలిపోయిన బొమ్మలు గీసిపెడతాడు, బస్సులో పక్క సీటు ఆపి ఉంచుతాడు.

ఎక్కువ శ్రమ పెట్టవలసింది ఆ కొడుకు తీసుకునే నిర్ణయం మీద. ఇంటర్ పరీక్షల కాలంలోనే వరంగల్‌లోని ఎనుమాముల వ్యవసాయ మార్కెట్‌కు మిర్చి పోటెత్తుతుంది కనుక, తండ్రి పనిచేసిన అడ్తి (కమీషన్ వ్యాపారి) దుకాణంలో గుమస్తాగా చేరితే ఇల్లు గడుస్తుంది, పరీక్ష పోతుంది. ఏ దారిలోనైనా నష్టం ఉండాలి. మేనమామ వచ్చి ఇంటి అప్పులన్నీ తీర్చేస్తే పాఠకుడు మోసపోయినట్టు భావిస్తాడు, అది న్యాయమే.

పాత్రకు చనిపోవాలన్న ఆలోచన వస్తే పద్ధతిని వర్ణించకుండా, అతడు ఆ మాట ఎవరితో, ఎలా చెప్పుకున్నాడో వివరంగా రాయండి. పుస్తకం చివర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416 తప్పక ముద్రించండి.