సంభావ్యతతో సావాసం – 4వ పాఠం: మార్పు తెచ్చింది తిట్టేనా?

పోయిన పాఠంలో రెండు పాచికల మొత్తాలు ఎన్ని రకాలుగా రావచ్చో 36 గళ్ల పట్టికలో రాసుకున్నాం. ఆ పట్టిక తీసి పక్కన పెట్టుకోండి.

ఇప్పుడు పాచికలు వేయండి. మొత్తం 10 గానీ, అంతకు మించి గానీ వస్తే వాటిని "శభాష్" అని మెచ్చుకోండి. 4 గానీ, అంతకన్నా తక్కువ గానీ వస్తే గట్టిగా తిట్టండి. మధ్యలో ఏది వచ్చినా ఏమీ అనొద్దు. మెచ్చుకున్నాక, తిట్టాక ఆ వెంటనే ఎంత పడిందో రాసుకోండి. ఓపిగ్గా ఓ 60 సార్లు వేయాలి. ఊరికే చదివి వదిలేస్తే ఇది ఒంటబట్టదు.

తిట్టాక పాచికలు దాదాపు ప్రతిసారీ బాగుపడతాయి, మెచ్చుకున్నాక పాడవుతాయి! కారణం పట్టికలోనే ఉంది. 4, అంతకు లోపు మొత్తాలున్న గళ్లు 6 మాత్రమే. మిగతా 30 గళ్లు 4 దాటేవే. అంటే తిట్టినా తిట్టకపోయినా ఆరింట ఐదుసార్లు 4 దాటడం ఖాయమనుకోవచ్చు. 10 దగ్గరా ఇదే లెక్క. ఇలా మరీ ఎక్కువ గానీ, మరీ తక్కువ గానీ వచ్చాక తర్వాతిది సగటుకు దగ్గరగా రావడాన్నే సగటు వైపు మళ్లడం అంటారు. పొడగరుల పిల్లలు పొడుగే అయినా, సగటున తల్లిదండ్రులంత పొడుగు ఉండరని ఆంగ్లేయ శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ 1886లో చూపించింది ఈ సంగతినే.

మనుషులు పాచికలు కారు, నిజమే. కానీ పరీక్షలో వచ్చే మార్కులో చదువు పాలు కొంత ఉంటే, ఆ రోజు కలిసొచ్చిన ప్రశ్నల పాలు కొంత ఉంటుంది. ఆ రెండో పాలు ఎంత ఎక్కువైతే మళ్లడం అంత ఎక్కువ. ఇజ్రాయెల్ వైమానిక దళంలో ఒక శిక్షకుడు, మెచ్చుకుంటే పైలట్లు చెడిపోతున్నారని, తిడితే బాగుపడుతున్నారని మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానమన్‌తో వాదించాడు. అతను చూసింది నిజమే, చెప్పుకున్న కారణం తప్పు. నన్ను బాధించేది ఇదే: మరీ తక్కువ మార్కులు వచ్చిన రోజున పిల్లాణ్ణి తిడతాం, తర్వాతి పరీక్షలో కొంచెం పెరుగుతాయి, తిట్టే మందనుకుని జీవితమంతా తిడుతూనే ఉంటాం.

నడుం నొప్పికీ అంతే. భరించలేనంత నొప్పి ఉన్న రోజునే మందు వేసుకుంటాం. మర్నాడు తగ్గితే అందులో మందు పాలెంత? ఒక్కరిని చూసి చెప్పలేం. అందుకే 1948లో ప్రచురించిన క్షయ మందు ప్రయోగంలో 55 మంది రోగులకు స్ట్రెప్టోమైసిన్‌తో పాటు విశ్రాంతి, 52 మందికి విశ్రాంతి మాత్రమే ఇచ్చి పోల్చారు. ఎవరు ఏ గుంపులో ఉండాలో యాదృచ్ఛికంగా తేల్చారు. దానంతట అదే తగ్గేది రెండు గుంపుల్లోనూ తగ్గుతుంది, పైన మిగిలిన తేడాయే మందుది.

అభ్యాసం: ఈ వారం "అది చేశాకే బాగైంది" అని మీరు గానీ, ఇంట్లోవాళ్లు గానీ అన్న మాటలు మూడు రాసుకోండి. ఒక్కో దాని పక్కన రెండు ప్రశ్నలకు జవాబు రాయండి: ఆ పని మొదలుపెట్టింది పరిస్థితి మరీ దిగజారిన రోజునా? ఏమీ చేయకుండా ఉన్నవాళ్లతో పోల్చి చూశామా? ఆ కాగితం 5వ పాఠంలో కావాలి, అక్కడ గుంపులు ఎంత పెద్దగా ఉండాలో లెక్క వేస్తాం.