లాటిన్ మాటల పాఠాలు – 4: ఇండికస్, ఇండికా, ఇండికం

క్రితం పాఠం చివర ఒక పని ఇచ్చాను. పక్కటెముకల మీదుండే సెరాటస్ యాంటీరియర్ కండరానికి ఆ పేరు ఎందుకొచ్చిందో చెప్పమన్నాను. సెర్రా అంటే రంపం. ఆ కండరం ఒక్కో పక్కటెముకకు ఒక్కో పన్నులా అతుక్కుని ఉంటుంది. కసరత్తు చేసే సన్నటి కుర్రాడు చొక్కా విప్పి చెయ్యెత్తితే, చంక కింద రంపం పళ్ళు వరసగా కనిపిస్తాయి. యాంటీరియర్ అంటే ముందువైపుది. 'రంపం పళ్ళున్న ముందరి కండరం', అంతే సంగతి.

ఇప్పటిదాకా మాటల అర్థాలు చూశాం. ఈసారి మాటల తోకలు చూద్దాం. పరీక్షల్లో మార్కులు పోయేది ఎక్కువగా ఇక్కడే.

ఒంగోలు పక్కన ఏదో పల్లెలో ఒక ఇల్లు అనుకోండి. వాకిట్లో వేపచెట్టు. దాని కింద కట్టేసిన గిత్త. అరుగు మీద ఎండబోసిన నువ్వులు. ఈ మూడింటి శాస్త్రీయ నామాల్లోనూ 'భారతదేశపు' అనే మాట ఉంది. కానీ గిత్త బోస్ ఇండికస్, వేప అజాడిరక్టా ఇండికా, నువ్వులు సెసామం ఇండికం. ఒకే మాటకు మూడు తోకలు ఎందుకు?

శాస్త్రీయ నామంలో మొదటి మాట ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) పేరు, అది నామవాచకం. రెండోది చాలాసార్లు విశేషణం. నామవాచకం ఏ లింగమైతే విశేషణం కూడా ఆ లింగపు తోకే తగిలించుకుంటుంది. పుంలింగానికి 'అస్', స్త్రీలింగానికి 'ఆ', నపుంసకలింగానికి 'అం'. మనకిది కొత్తగా ఉండటానికి కారణం ఉంది. నల్ల ఎద్దు, నల్ల ఆవు, నల్ల రాయి అంటాం. దేని ముందు పెట్టినా 'నల్ల' కదలదు. అయితే బుద్ధిమంతుడు, బుద్ధిమంతురాలు అన్నప్పుడు మనమూ తోక మారుస్తున్నాంగా! లాటిన్ వాళ్ళు ఆ పని దాదాపు ప్రతి విశేషణంతోనూ చేస్తారు.

ఇక్కడ ఏటా ఎవరో ఒకరు అడిగే ప్రశ్న: "సార్, ఆవైతే బోస్ ఇండికా అనాలా?" వద్దు. ఆవైనా, దూడైనా బోస్ ఇండికస్సే. లింగం జంతువుది కాదు, మాటది.

గిత్త దగ్గరున్నాం కాబట్టి దాని మూపురం కూడా చూసేద్దాం. పైకి కొవ్వు ముద్దలా కనిపించినా లోపల ఉన్నది కొవ్వు కలిసిన కండ. ముఖ్యంగా రాంబాయిడియస్ అనే కండరం. ఎనిమిదో తరగతి లెక్కల్లో సమచతుర్భుజం చదివారు కదా, అదే రాంబస్. ఆ ఆకారంలో ఉండేది రాంబాయిడియస్. బండలాగుడు పోటీల్లో గిత్త తల వంచి కాళ్ళు బిగబట్టినప్పుడు మూపురం ఒక పక్కకు ఒరిగి, మళ్ళీ నిలబడి, వణుకుతుంది. జనం డెక్కల వంక చూస్తుంటే నేను మూపురం వంక చూస్తుంటాను. ఆ కండరం మనకూ ఉంది, వెన్నెముకకూ రెక్క ఎముకకూ మధ్యన. కాకపోతే మనది పలచటి పలక. ఒక్కో పక్కన రెండేసి ఉంటాయి: రాంబాయిడియస్ మేజర్, రాంబాయిడియస్ మైనర్.

కండరాల పేర్లలో తోకల గొడవ తక్కువ. 'మస్కులస్' అనే లాటిన్ మాట పుంలింగం. పైకి రాసినా రాయకపోయినా ఆ మాట వెనక ఉంటుంది కాబట్టి విశేషణాలన్నీ పుంలింగంలోనే వస్తాయి. సిర, రంధ్రం లాంటివి వచ్చినప్పుడే తోక మారుతుంది. 'పెద్ద' అనే మాటనే తీసుకోండి. తొడ లోపలివైపు పెద్ద కండరం అడక్టర్ మాగ్నస్. కాలి పొడవునా పైకి పోయే పెద్ద సిర వీనా సఫీనా మాగ్నా. కాళ్ళ మీద నరాలు ఉబ్బాయని డాక్టర్ దగ్గరికి వెళ్ళేవాళ్ళలో చాలామందికి ఇబ్బంది పెట్టేది ఇదే. అది నరం కాదు, సిర. పుర్రె అడుగున వెన్నుపాము దిగే పెద్ద రంధ్రం ఫొరామెన్ మాగ్నం. మాగ్నస్, మాగ్నా, మాగ్నం. ఈ మూడూ ఒక్క రోజులో నోటికొస్తే మిగతా సగం పాఠం వచ్చేసినట్టే.

మేజర్, మాక్సిమస్ తేడా కూడా ఇప్పుడే పట్టుకోండి. మేజర్ అంటే 'రెండింటిలో పెద్దది'. మాక్సిమస్ అంటే 'అన్నిటికంటే పెద్దది'. పిరుదులో మూడు గ్లూటియస్‌లు ఉన్నాయి కాబట్టి మాక్సిమస్, మీడియస్, మినిమస్ అన్నారు. కూర్చుంటే మన బరువు పడే వైపుది మాక్సిమస్, తుంటి పక్కన వేసే ఇంజక్షన్ మీడియస్‌కి. అందుకే పేరులో మైనర్ కనబడితే, దాని జత మేజర్ ఎక్కడో ఉందని పుస్తకం తిప్పకుండానే చెప్పొచ్చు.

ఇప్పుడు నా పరువు తీసుకునే సంగతి. ఇంటర్ చదివేటప్పుడు రావిచెట్టు పేరు 'ఫైకస్ రెలిజియోసస్' అని రాశాను. ఫైకస్‌కి 'అస్' ఉంది కదా, విశేషణానికీ 'అస్' పెట్టాలని నా తెలివి. మార్కు పోయింది. ఎందుకు పోయిందో మాత్రం కాలేజీలో ఎవరూ చెప్పలేదు. అసలు పేరు ఫైకస్ రెలిజియోసా. పాత లాటిన్‌లో చెట్ల పేర్లు, చివర 'అస్' ఉన్నా సరే, చాలావరకు స్త్రీలింగాలు. చింతచెట్టు కూడా అంతే: టామరిండస్ ఇండికా. తాటిచెట్టు మాత్రం మాట వినదు. బొరాసస్ ఫ్లాబెల్లిఫర్, అంటే 'విసనకర్రలు మోసేది'. అది పుంలింగమే. తాటాకు విసనకర్ర చేతిలో పట్టుకున్నవాళ్ళకు ఆ పేరు మళ్ళీ చెప్పక్కర్లేదు.

'ఇస్'తో ముగిసే విశేషణాలు పుంలింగానికీ, స్త్రీలింగానికీ ఒకటే. మర్రి ఫైకస్ బెంగాలెన్సిస్. తోక చూసి ఆ ప్రజాతి లింగం చెప్పలేం. వీటికి నపుంసకంలో 'ఎ' వస్తుంది. దానికి తీరిగ్గా ఇంకో పాఠం.

అసలు వంగని, అంటే తోక మార్చని మాటలు రెండు రకాలు. ఒకటి, రెండో మాట కూడా నామవాచకమే అయితే. కందుకూరు, పొదిలి వేలం కేంద్రాలకు వచ్చే పొగాకు నికోటియానా టబాకం. మొదటిది 'ఆ', రెండోది 'అం'. తప్పు కాదు, టబాకం అంటేనే పొగాకు. రెండు, మనిషి పేరు పెడితే. నెల్లూరు వైపు రొయ్యల రైతులు రోజుకు పదిసార్లు అనే మాట 'వనామీ'. లిటోపీనియస్ వనామీలోని వనామీ రంగూ కాదు, ఆకారమూ కాదు. వాన్ నేమ్ అనే అమెరికన్ జంతు శాస్త్రవేత్త గౌరవార్థం 1931లో పెట్టిన పేరు. చివరి 'ఈ' అంటే 'ఆయనకు చెందిన' అని. కౌంట్ ఎంత, రేటెంత అని గుంట గట్టు మీద ఫోన్‌లో అరుస్తున్న రైతు లాటిన్ షష్ఠీ విభక్తి వాడుతున్నాడన్నమాట! ముందు పెంచిన టైగర్ రొయ్యది పీనియస్ మోనోడాన్. మోనోడాన్ 'ఒంటి పన్ను' అనే గ్రీకు మాట, అదీ వంగదు.

ఒక్క నిమిషం ఫోన్ పక్కన పెట్టండి. బొటనవేలిని చిటికెన వేలికి ఆనించి, మణికట్టు కొంచెం లోపలికి వంచండి. మణికట్టు మధ్యలో తాడులా పైకి లేచేది పాల్మారిస్ లాంగస్ అనే కండరపు స్నాయువు, అంటే కండరాన్ని పట్టి కట్టే తాడు. పాల్మారిస్ అంటే అరచేతిది, లాంగస్ అంటే పొడవైనది. లేవలేదా? కంగారు పడకండి. కొందరికి ఆ కండరం పుట్టుకతోనే ఉండదు, పనికేమీ అడ్డం రాదు.

ఇంటి పని. కొరమీను చన్నా స్ట్రయేటా, మిరప కాప్సికం ఆన్యువం, ఊరకాకి కార్వస్ స్ప్లెండెన్స్. మొదటి రెండింటిలో తోక చూసి చన్నా, కాప్సికం ఏ లింగమో చెప్పండి. చేపల బజారుకు వెళ్ళినవాళ్ళు కొరమీను ఒంటిని ఒకసారి పరకాయించి చూసి స్ట్రయేటా అర్థం ఊహించండి. ఇక మూడోది. స్ప్లెండెన్స్ అంటే 'మెరిసిపోయేది'. కాకి పిల్ల కాకికి ముద్దు అంటాం గానీ, ఆ పేరు పెట్టినవాడు కాకి కాదే! ఎండలో కాకి వీపు ఏ రంగులో మెరుస్తుందో చూసి రాసుకోండి. వచ్చే పాఠం రంగుల మాటలు, అక్కడి నుంచే మొదలు.