నో బాల్ పడకుండా రనప్ కొలత

పేస్ బౌలర్‌కు వికెట్ దక్కిన బంతే నో బాల్ (ముందు పాదం క్రీజు గీత దాటడంతో చెల్లని బంతి) కావడం కంటే బాధాకరమైనది మరొకటి లేదు. మ్యాచ్‌కు ముందు, స్టంప్స్‌కు 4 అడుగుల ముందుండే క్రీజు గీత దగ్గర నిలబడి, బౌండరీ వైపు తిరిగి, ఎప్పుడూ ఒకే కాలితో మొదలుపెట్టి, గీతను గాని పాదాలను గాని చూడకుండా పూర్తి వేగంతో పరుగెత్తి బంతి విసరండి. ముందు పాదం మడమ పడిన చోట స్నేహితుడు గుర్తు పెట్టాలి. ఇలా 6 సార్లు చేసి, గుర్తులు ఎక్కువగా పడిన చోటు నుంచి గీత వరకు ఉన్న దూరాన్ని టేపుతోనే కొలిచి, దానికి అర అడుగు కలిపి, గీత నుంచి అంత దూరంలో రనప్ (బంతి వేసే ముందు పరుగు) మొదలుపెట్టండి. అడుగులతో కొలిస్తే అలసినప్పుడు లెక్క మారిపోతుంది. వెనుక నుంచి గాలి బలంగా వీచినా, నేల తడిగా లేదా వాలుగా ఉన్నా ఈ కొలత పనిచేయదు కాబట్టి, బౌలింగ్ చేసే ఎండ్ (పిచ్ చివర) నుంచి మళ్లీ కొలుచుకోవాలి.