సగంలో ఉన్న పుస్తకం గురించి నలుగురితో ఎలా చెప్పుకోవాలి

పుస్తకం పూర్తి చేసి దాని మీద అభిప్రాయం చెప్పడం ఒక పని. ఇంకా చేతిలోనే ఉన్న, రాత్రి భోజనమయ్యాక మళ్లీ తెరవబోతున్న పుస్తకం గురించి మరొకరితో చెప్పుకోవడం వేరే పని. మొదటిది సమీక్ష. దానికి పద్ధతులున్నాయి, రాసేవారూ ఉన్నారు. రెండోదానికి పద్ధతేమీ అక్కర్లేదనుకుని, ‘చాలా బాగుందండీ, తప్పకుండా చదవండి’ అన్న ఒక్క మాటతో ముగించేస్తాం. విన్నవారు మర్యాదకు తల ఊపుతారు, మరునాటికి పుస్తకం పేరు కూడా మరిచిపోతారు. చదువుతూ ఉన్నప్పుడు కలిగే ఆనందం చదవడం అయిపోయాక చెప్పే తీర్పుకన్నా ఎక్కువగా ఎదుటివారిని పుస్తకం వైపు లాగుతుందని నా నమ్మకం. కాబట్టి ఆ పనినే కొంచెం శ్రద్ధగా ఎలా చేయవచ్చో ఇక్కడ వివరిస్తాను.

మొట్టమొదట చెప్పవలసింది పుస్తకం గొప్పతనం కాదు, అందులో మీరు ఎక్కడున్నారన్నది. ‘320 పేజీల నవల, 110వ పేజీ దగ్గర ఉన్నాను’ అన్న మాటలో రెండు సంగతులు ఇమిడి ఉన్నాయి. ఒకటి, మీ మాటను తుది తీర్పుగా తీసుకోవద్దని వినేవారికి తెలుస్తుంది. రెండు, వారు అప్పటికే ఆ నవల చదివి ఉంటే ముగింపు బయటపెట్టకుండా జాగ్రత్తపడతారు. 1954లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, దాని చుట్టూ పెరిగిన కళాశాలలు, అక్కడ పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న అధ్యాపకులు, పోటీ పరీక్షలకు చదువుతూ మధ్యమధ్య నవలలు దొంగచాటుగా తిరగేసే విద్యార్థులు, వీరందరూ ఉన్న తిరుపతిలో మీరు ఏ పుస్తకం పేరెత్తినా ముందే చదివినవారు ఒకరైనా ఉంటారన్నది మరిచిపోకూడదు. పేజీ సంఖ్య ముందుగా చెప్పేస్తే ఆ చదివినవారు కూడా శ్రోతలుగా మిగులుతారు, లేకపోతే మీ చేతిలోని మాటను వారే అందుకుంటారు.

పుస్తకం పేరు, రచయిత పేరు పూర్తిగా చెప్పడం చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ మన ప్రాంతంలో అది ఇంకొంచెం అవసరం. ‘మధురాంతకం వారి పుస్తకం చదువుతున్నాను’ అంటే వినేవారికి ఏం అర్థం కావాలి? తండ్రి మధురాంతకం రాజారాం కథలకు 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. కుమారుడు మధురాంతకం నరేంద్ర రాసిన ‘మనోధర్మపరాగం’ నవలకు 2022లో అదే పురస్కారం వచ్చింది. ఒకరిది కథల సంపుటి, మరొకరిది నవల. ఈ తేడా చెప్పే తీరును కూడా మార్చేస్తుంది. కథల సంపుటి అయితే మీరు చదివిన ఒక కథను పూర్తిగా చెప్పినా తక్కిన కథలు వినేవారి కోసం చెక్కుచెదరకుండా ఉంటాయి. ‘ముందు నాలుగో కథ చదవండి, ఆ తర్వాత మీ ఇష్టం’ అని దారి కూడా చూపవచ్చు. నవల విషయంలో ఆ స్వేచ్ఛ లేదు.

నవల గురించి ఎంతవరకు చెప్పాలన్నదానికి నేను పాటించే హద్దు ఒకటుంది. మొదటి అధ్యాయంలో రచయిత స్వయంగా బయటపెట్టినదంతా చెప్పవచ్చు, ఆ తర్వాతి సంఘటనలు చెప్పకూడదు. ఎవరు, ఎక్కడ, ఏ కాలంలో, ఏ చిక్కులో పడ్డారు అన్నంత వరకు చాలు. వెనక అట్ట మీద ప్రచురణకర్త వేసిన పరిచయాన్ని మాత్రం హద్దుగా తీసుకోవద్దు, ఎందుకంటే సగం పుస్తకాన్ని అట్ట మీదే విప్పేసే అలవాటు మన ప్రచురణల్లో కొన్నిటికి ఉంది. అపరాధ పరిశోధన నవలైతే మొదటి అధ్యాయం కూడా ఎక్కువే. ఫలానావారి మీద నాకు అనుమానంగా ఉందని మీరు సరదాగా అన్నా, తర్వాత చదివేవారు అదే అనుమానాన్ని వెంటబెట్టుకుని చదువుతారు.

ఇక అసలు విషయం, మీకు నచ్చినదేమిటో చెప్పడం. ఇక్కడే చాలామంది ‘శైలి అద్భుతం, కథనం ఉత్కంఠభరితం’ వంటి అరువు మాటల్లోకి జారిపోతారు. అలా జారకుండా ఉండాలంటే చెప్పడానికి ముందు మిమ్మల్ని మీరు రెండు ప్రశ్నలు వేసుకోండి: నిన్న చదువుతూ ఎక్కడ ఆగి వెనక్కి వెళ్లి మళ్లీ చదివాను? పుస్తకం మూసేశాక కూడా ఏది తలలో తిరుగుతూ ఉంది? వీటిలో ఒక్కదానికి జవాబు దొరికినా అదే మీరు చెప్పవలసిన మాట. ఉదాహరణకు మీరు తిరుమల ఆలయ శాసనాల మీద ఒక చరిత్ర గ్రంథం చదువుతున్నారనుకోండి. ‘ఎన్నో తెలియని విషయాలున్నాయి’ అంటే ఎవరూ కదలరు. దానికి బదులు ఇలా చెప్పి చూడండి:

‘ఇప్పుడే మొదలుపెట్టాను, అరవై పేజీలు అయ్యాయి. రాత్రి ఏకాంత సేవలో పవళింపజేసే భోగ శ్రీనివాసుడి వెండి మూర్తి ఉంది కదా, దాన్ని సమర్పించింది సామవై అనే పల్లవ రాణి అని శాసనంలో ఉందట. విగ్రహం ఇచ్చి ఊరుకోలేదు, సేవలు సాగడానికి భూములు కూడా రాసిచ్చింది. ఆ శాసనాల్లో చాలా భాగం తమిళంలోనే ఉన్నాయని కూడా నాకు ఇప్పుడే తెలిసింది. శ్రీకృష్ణదేవరాయలు 1513 నుంచి 1521 లోపల ఏడుసార్లు కొండకు వచ్చాడంటారు, ఆ భాగం ఇంకా రాలేదు, దాని కోసం ఎదురుచూస్తున్నాను.’

ఇందులో పొగడ్త ఒక్కటి కూడా లేదు. అయినా పుట్టినప్పటి నుంచీ కొండను చూస్తూ పెరిగినవారు కూడా ‘అది ఏ పుస్తకం సార్?’ అని అడగకుండా ఉండలేరు, ఎందుకంటే వారికి తెలిసిన మూర్తి పక్కన వారికి తెలియని ఒక మనిషి పేరు వచ్చి నిలబడింది. చివర రాని భాగాన్ని ప్రస్తావించడం కూడా కావాలనే చేసిన పని. చదువు ఇంకా సాగుతోందన్న సంగతిని అది దాచకుండా చెబుతుంది. చరిత్ర, సైన్సు, ఆత్మకథ వంటి పుస్తకాల విషయంలో ముగింపు బయటపడుతుందన్న భయం ఉండదు కాబట్టి ఇలా వివరంలోకి ధారాళంగా వెళ్లవచ్చు.

అదే పుస్తకాన్ని అందరికీ ఒకే విధంగా చెప్పడం కుదరదు. దినపత్రిక తప్ప మరేదీ చదవని పెదనాన్నకు ఆ రాణి ఇచ్చిన భూముల సంగతి ఆసక్తి కలిగిస్తుంది. ఇంటర్మీడియట్ చదువుతున్న మేనకోడలికి అంత పాత రాతను చదివి అర్థం చెప్పేది ఎవరు, ఎలా చదువుతారు అన్నది ఆసక్తి కావచ్చు. కార్యాలయంలో పక్క బల్ల వారికి మధ్యాహ్నం డబ్బా విప్పేటప్పుడు రెండు వాక్యాలకు మించి అక్కర్లేదు. ముందు మనిషిని చూసి, తర్వాత పుస్తకంలోంచి వారికి సరిపోయే ముక్కను ఎంచుకోవాలి. దీన్ని కొందరు నటన అంటారు. నాకు అలా అనిపించదు, విస్తట్లో ఎవరికి ఏది వడ్డించాలో చూసుకోవడం వంటిదే ఇది.

ఎంతసేపు చెప్పాలన్నది నేర్చుకోవడానికి తిరుమల సర్వదర్శనం కంపార్టుమెంటును మించిన పాఠశాల లేదు. సెల్‌ఫోను కింద అప్పగించి వచ్చినవారి మధ్య ఒక పుస్తకం తెరిచారంటే కాసేపటికి పక్కవారు ‘ఏం పుస్తకం స్వామీ అది?’ అని తప్పక అడుగుతారు. గేటు ఎప్పుడు తీస్తారో తెలియదు, తీసిన వెంటనే అందరూ లేస్తారు. కాబట్టి మొదటి రెండు వాక్యాల్లోనే పుస్తకం ఏ రకానిదో, మిమ్మల్ని పట్టుకున్నదేమిటో చెప్పేయాలి. గేటు తీయకపోతే, వారు ఇంకా అడిగితే, అప్పుడు విస్తరించవచ్చు. ఇంట్లోనైనా, పెళ్లిలోనైనా ఇదే క్రమం పనికొస్తుంది. అడగకుండా మూడో వాక్యంలోకి వెళ్లకపోవడమే మంచిది.

చదివి వినిపించడం అన్నిటికన్నా బలమైన మార్గం, అయితే దానికి కొంచెం సాధన కావాలి. అర పేజీకి మించకుండా, ముందువెనకల కథ వివరించనవసరం లేని భాగాన్ని ఎంచుకుని, ఇంట్లో ఒకసారి పైకి చదివి చూసుకోండి. మాండలికంలో రాసిన పుస్తకమైతే ఈ శ్రమకు రెట్టింపు ఫలితం ఉంటుంది. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు రచనల వంటివి చిత్తూరు జిల్లా పల్లె మాటలో నడుస్తాయి. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగం చేస్తున్నవారు వాటిని కంటితో చదివితే మొదటి పేజీలోనే తడబడతారు. ఇక్కడి మనిషి, ఎనుముల్ని తోలుకుని కయ్యల గట్ల మీద నడిచినవారైతే మరీ మంచిది, సహజమైన యాసలో చదివి వినిపిస్తే ఆ తడబాటు సగం తగ్గుతుంది. మధ్యలో ఆగి ప్రతి మాటకూ అర్థం చెప్పకండి. పాఠం చెప్పినట్టవుతుంది. వాక్యం పూర్తయ్యేసరికి చాలా మాటలు వాటంతట అవే తెలిసిపోతాయి.

తమిళంలోనో కన్నడంలోనో చదువుతున్న పుస్తకాన్ని తెలుగువారికి చెప్పడం మన ప్రాంతంలో తరచుగా ఎదురయ్యే అవసరం. చిత్తూరు, నగరి, కుప్పం ప్రాంతాల్లో రెండు మూడు భాషలు చదవగలిగినవారు చాలామంది ఉన్నారు, ఆ చదువును మాత్రం తమలోనే దాచుకుంటారు. అనువాదం ఉందో లేదో ముందుగా కనుక్కుని చెప్పండి. లేకపోతే ‘ఇది తెలుగులో దొరకదు’ అని మొదటే తెలియజేసి, ఆ తర్వాత కొంచెం ఎక్కువగానే చెప్పండి, ఎందుకంటే వినేవారికి ఆ పుస్తకంలో దక్కేది బహుశా మీరు చెప్పినంతే. అటువంటి చోట నేను పైన గీసిన మొదటి అధ్యాయం హద్దును దాటడం తప్పు కాదు.

ఒకేసారి మూడు పుస్తకాలు చదివే అలవాటున్నవారు మూడింటినీ వరుసగా చెప్పకుండా ఒక్కటి ఎంచుకోవాలి. ఏడాదికి ఎన్ని చదివాను అన్న లెక్క చెప్పడం వల్ల వినేవారికి పుస్తకం దక్కదు, చిన్నతనం మాత్రం దక్కుతుంది. మధ్యలో వదిలేసిన పుస్తకాన్ని ప్రస్తావించడంలో సంకోచం అనవసరం. ఎక్కడ వదిలేశారో, ఎందుకు వదిలేశారో చెబితే, అదే కారణం మరొకరికి ఆ పుస్తకాన్ని తీసుకోవడానికి కారణం కావచ్చు. వంశవృక్షాలు, పాత్రల పేర్లు గుర్తుపెట్టుకోలేక మీరు పక్కన పెట్టిన నవలే, అటువంటి పెద్ద కుటుంబాల కథల కోసం వెతుకుతున్నవారికి కావలసినది.

నలుగురు కలిసి ఇదే పనిని నెలకోసారి చేయాలనుకుంటే ఏర్పాట్లు పెద్దగా అక్కర్లేదు. ఆరు నుంచి ఎనిమిది మంది, మనిషికి అయిదు నిమిషాలు, చేతిలో పుస్తకం తప్పనిసరి. ప్రకాశం పార్కులోనైనా, అపార్ట్‌మెంటు మేడ మీదనైనా సరిపోతుంది. వేసవిలో సాయంత్రం ఆరున్నరకు ముందు పెట్టుకుంటే ఎండకే సగం మంది రారు. సభాధ్యక్షుడు, శాలువా, వందన సమర్పణ మొదలైనవి చేరిన మరుక్షణం ఇది పుస్తకావిష్కరణ సభ అయిపోతుందని మాత్రం హెచ్చరిస్తాను. పూర్తిచేసిన పుస్తకాలు తీసుకురాకూడదన్న నియమం ఒకటి పెట్టుకుంటే, విమర్శకులుగా మాట్లాడాలన్న ఉబలాటం దానంతట అదే తగ్గుతుంది. వంతులవారీగా పూర్తయ్యాకే ప్రశ్నలు.

చెప్పిన తర్వాత ‘ఎక్కడ దొరుకుతుంది?’ అన్న ప్రశ్న వస్తుంది, దానికి సిద్ధంగా ఉండాలి. ప్రచురణకర్త పేరు, ముద్రణ సంవత్సరం, వెల ఒక కాగితం మీద రాసి పుస్తకంలోనే పెట్టుకోండి. తెలుగు పుస్తకాలు ఒక ముద్రణ అయిపోయాక ఏళ్ల తరబడి మళ్లీ రాకపోవడం, వచ్చినా వేరే ప్రచురణకర్త వేయడం మామూలే కాబట్టి ఈ వివరాలు లేకుండా దుకాణంలో అడిగితే లేదన్న జవాబే వస్తుంది. గ్రంథాలయం నుంచి తెచ్చినదైతే ఆ సంగతి చెప్పి, గడువు లోపల మీరు తిరిగి ఇచ్చే రోజు కూడా చెప్పండి. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సుంకం కడుతున్న పట్టణవాసుల్లో ఎందరో ఆ మెట్లు ఎక్కిన పాపాన పోలేదు. నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాలకు పిల్లల్ని తీసుకువెళ్లినప్పుడైనా సభ్యత్వం తీసుకోవచ్చు.

పుస్తకం మొత్తాన్ని ఫొటోలు తీసి పంపడం మాత్రం చేయకండి. అర పేజీ నచ్చిందని పంపడం వేరు. కాపీరైటు మన దేశంలో రచయిత జీవించినంత కాలమూ, మరణించిన మరుసటి ఏడాది మొదలు మరో 60 ఏళ్లూ ఉంటుంది. 1999లో కన్నుమూసిన రాజారాం కథలపై హక్కు ఆ లెక్కన 2059 చివరి దాకా వారి వారసులదే. చట్టం సంగతి అలా ఉంచినా, వెయ్యి ప్రతులు అమ్ముడుపోవడమే గగనమైన తెలుగు పుస్తకానికి ఉచితంగా తిరిగే నకలు చేసే నష్టం చిన్నది కాదు.

అరువు ఇచ్చేటప్పుడు తేదీ, పేరు ఒక నోటుపుస్తకంలో రాసుకోండి, మొహమాటపడకండి. మీరు పూర్తి చేయని పుస్తకాన్ని అరువు ఇవ్వకండి.

చివరి పేజీ చేరాక ఒక పని మిగిలి ఉంటుంది. 110వ పేజీ దగ్గర మీ మాట విన్నవారిని గుర్తుపెట్టుకుని, కలిసినప్పుడో ఫోనులోనో, తర్వాత ఏమైందో ఒక వాక్యంలో తెలియజేయాలి. మొదట్లో నచ్చిన పాత్ర చివరికి నచ్చలేదనో, నీరసంగా ఉందన్న రెండో భాగమే అసలు పుస్తకమనో మీ అభిప్రాయం మారి ఉంటే దాన్ని దాచకుండా చెప్పండి; మీ మాట మీద ఆ పుస్తకం కొనబోతున్నవారికి ఆ మార్పు ముందుగా తెలియాలి. మీరింకా చదువుతుండగానే వారు కొని పూర్తి చేసి ఉంటే, మీరు ఇప్పుడు ఏ పేజీలో ఉన్నారో వారికి ముందే చెప్పండి.