ఎలుకను పట్టే ముందు దాని దారి మూయండి

బోను పెట్టే ముందు ఒకసారి టార్చిలైటు పట్టుకుని వంటగది గోడల అంచుల వెంట నెమ్మదిగా చూడండి. ఎలుక రోజూ ఒకే దారిన గోడను రాసుకుంటూ పోతుంది. దాని ఒంటి జిడ్డు అంటుకుని అక్కడ నల్లటి చార పడుతుంది. ఆ చార వెంటే వెళ్తే కన్నం దొరుకుతుంది. ఎక్కువగా సింకు కింద గొట్టం గోడలోకి వెళ్ళే చోటో, తలుపు కింది సందో అయి ఉంటుంది. చిన్నదే కదా అని వదిలేయకండి, చిట్టెలుక దూరడానికి పెన్సిల్ పట్టేంత సందు, అంటే 6 మిల్లీమీటర్లు చాలు.

కన్నంలో గుడ్డలు కుక్కితే లాభం లేదు. దాని ముందుపళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కాబట్టి కొరకడం ఆపదు. గిన్నెలు తోమే స్టీలు పీచును గట్టిగా కూరి, పైన సిమెంటు పూయండి. అంతకుముందు కాగితం ఉండ ఒకటి వదులుగా పెట్టి రెండు మూడు రోజులు గమనించండి. అది కదిలిందంటే రాకపోకలు ఇంకా సాగుతున్నట్టే.

విషపు బిళ్ళలు మాత్రం వద్దనే చెబుతాను. ఎలుక ఏ గోడ సందులోనో చచ్చి కుళ్ళుతుంది, పసిపిల్లలున్న ఇంట్లో మరీ ప్రమాదం. పెంటికలను పొడిగా ఊడ్చకుండా, బ్లీచింగ్ నీళ్ళు చల్లి కాసేపాగి, చేతి తొడుగులతో తుడవండి.