వ్యాన్‌ని ఇల్లు చేసుకోవాలంటే ముందు కరెంటు లెక్క

నెలల తరబడి వ్యాన్‌లో ఉండాలనుకునేవాళ్లు ముందు మంచం కొలతలు తీస్తారు. నేనైతే కరెంటు లెక్కతో మొదలుపెట్టమంటాను. ఫ్రిజ్, ఫ్యాను, లైట్లు, ల్యాప్‌టాప్ రోజుకు ఎన్ని వాట్-అవర్లు (వాట్లను నడిచే గంటలతో గుణిస్తే వచ్చేది) తింటాయో కాగితం మీద రాయండి. 12.8 వోల్టుల, 100 ఆంపియర్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో ఉండేది 1280 వాట్-అవర్లే. మబ్బు రోజుల్లో సోలార్ ప్యానెల్‌ని నమ్ముకోలేం కాబట్టి, బండి నడుస్తుండగా ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీ నిండేలా, ఆ కరెంటుని బ్యాటరీకి తగ్గట్టు మార్చే డీసీ-డీసీ ఛార్జర్ కూడా పెట్టించండి. సున్నా డిగ్రీల కంటే చల్లబడిన బ్యాటరీని ఛార్జ్ చేస్తే పాడవుతుంది. అందుకే నాది లోపల, మంచం కిందే ఉంటుంది. ప్లస్ వైరుకు బ్యాటరీ పక్కనే ఫ్యూజు తప్పనిసరి. పొదుపు చేయాల్సిన చోటు ఇది కాదు.

60 లీటర్ల నీళ్లంటే 60 కిలోలు. ట్యాంకుని రెండు ఇరుసుల మధ్య, వీలైనంత కిందగా బిగించండి. పైకప్పుకి గాలిని బయటికి తోసే ఫ్యాను లేకపోతే రాత్రి ఊపిరి తేమంతా రేకుల మీద నీరై కారుతుంది. కర్టెన్ల రంగంటారా, అది మీ ఇష్టం.