ఆదితాళంలో ముక్తాయి కూర్చడం, పిల్లలకు నేర్పడం

కూచిపూడి జతి (పాదాలతో ఆడే సొల్లుల వరుస) ఎంత బాగున్నా దాని ముక్తాయి, అంటే మూడుసార్లు చెప్పే ముగింపు, సమానికి (తాళం చుట్టు మొదటి దెబ్బకు) సరిగ్గా పడకపోతే అంతా పోయినట్టే. అందుకే కూర్పు చివరి నుంచి మొదలుపెట్టండి.

చతురశ్ర గతిలో, అంటే దెబ్బకు నాలుగు అక్షరాల చొప్పున, ఎనిమిది దెబ్బల ఆదితాళం ఒక ఆవర్తానికి (ఒక చుట్టుకు) 32 అక్షరాలు. మొదటి నాలుగు దెబ్బల లఘువు 16, తర్వాత రెండేసి దెబ్బల రెండు ద్రుతాలు కలిపి 16. మొదటి ద్రుతం దెబ్బ దగ్గర "త ధి గి ణ తొం" ఎత్తుకోండి. మూడుసార్లు చెప్పాలి, మధ్యలో ఒక్కో అక్షరం కార్వై (విరామం). 5+1+5+1+5, మొత్తం 17. పదిహేడోది, అంటే ఆఖరి "తొం", నేరుగా తర్వాతి సమం మీద పడుతుంది. లఘువులో "తకధిమి తకజొణు" రెండుసార్లు చాలు.

నేర్పేటప్పుడు ముందు నోరు, చెయ్యి; కాళ్లు తర్వాత. నిమిషానికి 60 దెబ్బల వేగంలో తాళం వేస్తూ చెప్పించండి. తడబడకుండా పలికాకే అరమండిలో (మోకాళ్లు పక్కలకు వంచిన భంగిమలో) నిలబెట్టండి.

ఎక్కువమంది తప్పేది కార్వై దగ్గరే. వేగం పెరగగానే దాన్ని మింగేస్తారు, రెండూ మింగితే "తొం" రెండక్షరాలు ముందే వచ్చేస్తుంది. అక్కడ "మ్" అని మెల్లగా అనమనండి, నిలబడుతుంది.

రెండోది పాదం. అయిదు బేసి సంఖ్య కదా, కుడి ఎడమలు మార్చి తడితే రెండో విడత ఎడమ పాదంతో మొదలవ్వాలి. పిల్లలు అలవాటుగా కుడే ఎత్తుతారు. ఆ ఒక్క విడతే విడిగా సాధన చేయించండి. మూడోది మళ్లీ కుడితో మొదలై, సమం మీద కుడి పాదంతోనే ఆగుతుంది. అప్పుడు మోకాళ్లు లేస్తున్నాయేమో చూడండి. లేస్తే వేగం తగ్గించాల్సిందే.